హార్మోనియం మెట్లు, పాత కీర్తనల శ్రుతి: కామాఠిపుర దృష్టాంతం

బొంబాయి తెలుగువారి చరిత్రను కామాఠిపురతో మొదలుపెట్టడం పరిపాటి. 18వ శతాబ్ది చివర నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన కూలీలను కామాఠీలు అన్నారు. పేటకు ఆ పేరే నిలిచింది. బట్టల మిల్లులు పెరిగినకొద్దీ తెలంగాణ నుంచి పద్మశాలీలు, ఇతరులు వచ్చి వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్ చాళ్లలో స్థిరపడ్డారు. వారితోపాటు వారి పాటలూ వచ్చాయి. ఆ పాటలను హార్మోనియం మీద పాడటంవల్ల వాటి శ్రుతి చెడిందా అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

చాళ్లలో భజనకు హార్మోనియం కుదిరినట్లు మరో వాద్యం కుదరదు. తంబురా వానాకాలపు చెమ్మకు శ్రుతి తప్పుతుంది, ఒంటిగదిలో చోటు ఆక్రమిస్తుంది. హార్మోనియం పెట్టెలో ఇముడుతుంది. పదిమంది గొంతెత్తి పాడినా వినిపిస్తుంది. 17వ శతాబ్దికి చెందిన రామదాసు కీర్తనలకు 19వ శతాబ్దిలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న వాద్యం ఇలా తోడైంది.

చిక్కు లెక్కలో ఉంది. షడ్జంనుంచి స్వచ్ఛమైన పంచమాలను ఒకదానిపై ఒకటి 12 సార్లు పేర్చుకుంటూ పోతే ఏడు స్థాయిలు దాటి తిరిగి షడ్జానికి చేరాలి. కాని సరిగ్గా చేరదు. స్థాయిని 1200 సెంట్లుగా లెక్కిస్తే సుమారు 23 సెంట్లు మిగులుతుంది. ఈ మిగులును 12 మెట్లకు సమానంగా పంచితే సమశ్రుతి, అంటే ఈక్వల్ టెంపరమెంట్. హెచ్చుతగ్గులుగా పంచితే విషమశ్రుతి. సమశ్రుతిలో పంచమానికి వచ్చే నష్టం రెండు సెంట్లే, చెవికి తెలియదు. తంబురా నాదంలో తనంతట వినవచ్చే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే హార్మోనియం మెట్టు 400 దగ్గర పలుకుతుంది. ఈ 14 సెంట్ల తేడా మాత్రం తెలుస్తుంది. ఐరోపాలోనూ బాఖ్ 1722 నాటి స్వరసంపుటిని ఏ శ్రుతిలో వాయించాలనే వాదం నేటికీ ఉంది.

మన వాదానికి బొంబాయి రాష్ట్రమే ఒక ముఖ్య రంగస్థలం. కృష్ణాజీ బల్లాళ్ దేవల్ 1910లో 22 శ్రుతుల గణితాన్ని ప్రకటించాడు. ఆ రాష్ట్రంలో ఉద్యోగిగా ఉన్న క్లెమెంట్స్ ఆ లెక్క ప్రకారం శ్రుతి హార్మోనియం తయారుచేయించాడు. 1916లో బరోడాలో జరిగిన అఖిల భారత సంగీత సభలో శ్రుతుల విషయం చర్చకు వచ్చింది, పండితులకు ఏకాభిప్రాయం కుదరలేదు. 1940లో రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఆ మూడు దశాబ్దాలూ చాళ్లలో భజన ఆగలేదు.

అయితే మెట్టు పెట్టి స్వరాన్ని కట్టివేయడం విదేశీయుల పని మాత్రమే కాదు. 1550లో విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో ‘స్వరమేళకళానిధి’ రచించిన రామామాత్యుడు ఇదే చిక్కును వీణ మీద ఎదుర్కొన్నాడు. ఒక మెట్టు అన్ని తంత్రుల కిందా సాగుతుంది. ఒక తంత్రికి సరిపడినది మరొకదానికి సరిపడకపోవచ్చు. దగ్గరదగ్గరగా ఉన్న స్వరాలకు ఒకే మెట్టును ప్రతినిధిగా అంగీకరించి ఆయన సర్దుబాటు చేశాడు. వీణకూ హార్మోనియానికీ భేదం సర్దుబాటులో లేదు. వైణికుడు చెవితో విని మైనంలో మెట్లు అమర్చుకుంటాడు, తంత్రిని లాగి గమకం పలికిస్తాడు. హార్మోనియం రీడును లాగడం వీలుకాదు.

భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. ‘చేప’లోని చకారం తాలవ్యం, ‘చాప’లోనిది దంత్యం. దంత్యానికి ౘ అనే గుర్తు ఉన్నా నేటి వాడుకలో రెంటికీ ఒకే అక్షరం. ఇంట్లో విన్నవాడు తడబడడు. పుస్తకంలోనే తెలుగు నేర్చినవాడు రెంటినీ తాలవ్యంగా పలుకుతాడు. మరాఠీలోనూ ఒకే అక్షరానికి ఈ రెండు ఉచ్చారణలు ఉన్నందున ముంబయి తెలుగు పిల్లలకు ఈ భేదం సులభంగా పట్టుబడుతుంది. హార్మోనియం మెట్టు అక్షరం వంటిది. విన్నవాడికి అది జ్ఞాపికగా పనిచేస్తుంది, విననివాడికి అదే ప్రమాణమై కూర్చుంటుంది.

కనుక ప్రాచీన శ్రుతిని పునరుద్ధరించాలనేవారు రెండు విషయాలు గమనించాలి. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గాని స్వరలిపి లేదు. సెంట్ల లెక్క ఏ రేకులోనూ దొరకదు. రెండవది, శ్రుతి పెద్దల గొంతులో ఉంటుంది. ముంబయి తెలంగాణ కుటుంబాల స్త్రీలు బతుకమ్మ పాటలు చప్పట్ల తాళానికే పాడుకునేచోట ఏ మెట్టూ గొంతును నిలబెట్టదు. 1982 సమ్మె తరవాత మిల్లులు మూతబడి, చాళ్లు ఒక్కొక్కటిగా బహుళ అంతస్తులకు చోటిస్తుండగా, ఆ గొంతులు ఒకచోట కూడే అవకాశం తగ్గుతోంది.

ప్రవాసంలో తెలుగు పాట నేర్చుకునే విద్యార్థులు హార్మోనియాన్ని మానుకోనక్కరలేదు. కీర్తనను ముందుగా వాద్యం లేకుండా ఒక పెద్దవారి నోట విని, అటుపైన మెట్ల మీద వేలు పెట్టాలని మా మనవి. వీలైతే ఆ గొంతును ధ్వనిముద్రణ చేయాలి. గాంధారం ఎక్కడ నిలిచిందో లెక్కించే పని తరవాతైనా చేయవచ్చు.