ఆర్బ్రోత్ మఠం: శిథిలాలలో స్వాతంత్ర్య స్మృతి

స్కాట్లండు తూర్పు తీరాన ఆర్బ్రోత్ పట్టణంలో ఎర్ర ఇసుకరాతితో నిర్మించిన క్రైస్తవ మఠమొకటి శిథిలమై నిలిచి ఉంది. విలియం రాజు 1178లో దానిని స్థాపించాడు. 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో రాబర్ట్ బ్రూస్ ఇంగ్లండు సేనలను ఓడించినా, ఆయనను స్కాట్లండు రాజుగా ఇంగ్లండు గాని, పోపు గాని అంగీకరించలేదు. ఆ పరిస్థితిలో 1320 ఏప్రిల్ 6వ తేదీతో స్కాట్ ప్రభువుల పేరిట పోపు 22వ జాన్‌కు ఈ మఠం నుండి లాటిన్ భాషలో ఒక లేఖ వెలువడింది. మఠాధిపతి బెర్నార్డ్ అప్పటికి బ్రూస్ కొలువులో ఛాన్సలర్.

ఈ లేఖ విశిష్టత రాజభక్తిలో లేదు. బ్రూస్‌ను కీర్తిస్తూనే, దేశాన్ని ఇంగ్లండుకు లోబరచబూనితే ఆయననైనా తొలగించి వేరొకరిని రాజుగా చేసుకుంటామని ప్రభువులు స్పష్టం చేశారు. ఇది ప్రజాస్వామ్యం కాదు; పలికినవారు భూస్వామ్య ప్రభువులే. అయినా రాజుకంటె దేశ స్వాతంత్ర్యమే మిన్న అన్న భావం ఇక్కడ అక్షరరూపం దాల్చింది. 1328లో ఇంగ్లండు ఆ స్వాతంత్ర్యాన్ని గుర్తించింది.

1560 నాటి మతసంస్కరణ తరువాత మఠం పాడుపడింది. 1296లో ఇంగ్లండు తరలించుకుపోయిన స్కాట్ల పట్టాభిషేక శిలను 1950 క్రిస్మస్ నాడు నలుగురు విద్యార్థులు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ నుండి రహస్యంగా తీసుకువచ్చారు. 1951 ఏప్రిల్‌లో ఆ శిల ప్రత్యక్షమైనది ఈ శిథిలాల నడుమనే. ఆరు శతాబ్దాలు గడచినా, లేఖ వెలువడిన చోటును జాతి మరువలేదు.