అభిమాని
‘అభిమాని’కి మూలం సంస్కృతంలోని ‘మన్’ ధాతువు, తలచడం దాని అర్థం. ‘అభి’ చేరాక, ఒకదాన్ని తనదిగా, తానుగా తలచడం అభిమానం అయింది. సాంఖ్యకారిక దీన్నే అహంకారం అంది. దేహమే నేననుకోవడం వేదాంతులకు దేహాభిమానం. తెలుగులో మాట రెండు దారులు పట్టింది. ‘అభిమానం చంపుకుని చెయ్యి చాచాడు’ అంటే అది పౌరుషం. దుర్యోధనుడు అభిమానధనుడైంది ఆ లెక్కనే. ‘ఆమెకు నేనంటే అభిమానం’ అంటే ఆప్యాయత. సినిమా అభిమాన సంఘాలు ఈ రెండోదాన్నే బోర్డు మీదికెక్కించి, ‘వీర’ తగిలించి ఉడుకు పెంచాయి. దాని చోట ఇప్పుడు వినబడే ఫ్యాన్, ‘ఫనాటిక్’కు కత్తిరింపు అని ఎక్కువమంది మాట, 19వ శతాబ్దం చివర అమెరికా బేస్‌బాల్ వాడుక, వెనక లాటిన్‌లో గుడి అనే ‘ఫానుమ్’. ఇంటికప్పున తిరిగే ఫ్యాన్‌తో దీనికి చుట్టరికం లేదు, అది చేటకున్న లాటిన్ పేరు నుంచి వచ్చింది. మస్కట్ దగ్గరి అల్ మవాలేలో వినబడే అరబ్బీ మాట ముషజ్జి, అంటే ధైర్యం చెప్పేవాడు. అలా ధైర్యం చెప్పడానికి దూరం అడ్డు. చలికాలంలో న్యూయార్క్‌లో రాత్రి 7కు మొదలయ్యే ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆట మస్కట్‌లో తెల్లవారుజామున 4కు. అక్కడ టీవీ ముందరి తెలుగువాడి కేక ఏ ఆటగాడికీ చేరదు. అయినా ‘మనం గెలిచాం’ అంటాడు, సాంఖ్యుల అర్థంలో అచ్చమైన అభిమాని. 2021లో నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవించిన టొరంటో రాప్టర్స్ అభిమాని నవ్ భాటియా ముషజ్జి కూడా: 1995లో జట్టు తొలి సీజన్ నుంచీ సొంత మైదానంలో ఆటలకు హాజరవుతూ వచ్చాడు.