పెరటి వెలుగు



జుక్కల్ పేరు చెప్పగానే ఆ పక్కనున్న కౌలాస్ కోట గుర్తుకొస్తుంది. కోటగోడల చరిత్ర పుస్తకాలకెక్కింది. పెరటి చుట్టూ ఉండే వెలుగుకు కూడా ఒక చరిత్ర ఉందని మాత్రం మనం అనుకోం. వెలుగంటే దీపం వెలుగు కాదండీ, కంపతో, చెట్లతో పెంచిన కంచె. "తొండకు వెలుగు సాక్షి" అనే సామెతలోని వెలుగు.

జుక్కల్ తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకలు కలిసే మూల. 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లాలో ఉండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. ఇటువంటి ఊళ్ళల్లో పెరటికి హద్దు అంటే మైదాకు, వావిలి, సీతాఫలం, జిల్లేడు, నాగజెముడు, మధ్యలో సందు కనిపిస్తే ఇంత రేగు కంప.

వీటిలో అన్నీ మన దేశపువి కావు. సీతాఫలం, నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చాయి. 1795లో నాగజెముడు మీద బతికే కొచ్చినీల్ పురుగును ఎర్ర రంగు వ్యాపారం కోసం కలకత్తాకు తెచ్చారు. వ్యాపారం కలిసిరాలేదు గాని పురుగు జెముడును తినేసింది. 1926లో దక్షిణాదిన వదిలిన మరో రకం పురుగు, మిగిలిన జెముడు పొదల్ని కూడా చాలాచోట్ల తుడిచిపెట్టింది. సర్కారు తుమ్మ విత్తనాలు 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. కట్టెలకూ కంచెకూ పనికొస్తుందని అది ఊరూరా పాకింది. ఇలా వెలుగులోని చెట్లు మారుతూ వచ్చాయి. కాని వెలుగు ఎప్పుడూ ప్రాణమున్న గోడగానే ఉంది.

దాన్ని తీసేసింది పురుగు కాదు, గజం ధర. వెలుగు పెరగాలంటే మూడు నాలుగు అడుగుల జాగా కావాలి. ఇటుక గోడకు తొమ్మిదంగుళాలు చాలు. స్థలం గజాల లెక్కన కొంటున్నప్పుడు ఎవరైనా గోడే కట్టుకుంటారు. దొంగల భయం, పాముల భయం కూడా లేకపోలేదు. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా గోడ కట్టాక, దాని అడుగున మిగిలిన మట్టిని కూడా సిమెంటుతో కప్పెయ్యడంలో ఉంది.

తొండ గుడ్లు పెట్టేది మెత్తటి మట్టిని తవ్వి. బండల మీద అది ఎక్కడ తవ్వుతుంది? ఆకుల్ని దారంతో కుట్టినట్టు కుట్టి గూడు కట్టుకునే చిన్న పిట్టకు పొద కావాలి. పిచ్చుక గింజలు తింటుంది నిజమే, కాని పిల్లలకు పెట్టేది పురుగుల్నే. వసారాలో వరికంకులు కడితే తల్లి కడుపు నిండుతుంది, గూట్లో పిల్లలు పెరగవు.

పట్నంలో ఇది ముందే జరిగింది. హైదరాబాదులో బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి అన్న పేర్లలో తోట ఉంది, నేల మీద చూడబోతే ఇళ్ళు. జూబ్లీహిల్స్ గుట్టల మీది పొదల అడవిలో కొంత భాగాన్ని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కుగా ప్రకటించారు గనుక అక్కడ నెమళ్ళు మిగిలాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. మైదాకు పొద పీకితే అడిగే నాథుడు లేడు. దాన్ని కాపాడేది ఇంటి ఇల్లాలే.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ "ఇక్కడ కూడా బండలు పరిచేద్దామా అమ్మా?" అని అడుగుతాడు. గోడ వెంబడి ఒక మూరెడు మట్టి వదలమని చెప్పండి. అక్కడ మైదాకు, కరివేపాకు, నిమ్మ వెయ్యండి. వంటకూ పండుగకూ పనికొస్తాయి. కరివేపాకు రెమ్మ మీద పిట్టరెట్టలా కనిపించే పురుగును దులిపెయ్యకండి, నాలుగాకులు తిననివ్వండి. కొన్నాళ్ళకు అదే సీతాకోకచిలుకై ఎగురుతుంది.

హద్దుకు గోడ ఉంటే ఉండనివ్వండి. దాని పక్కన ఆ మూరెడు వెలుగూ ఉండాలి. సెలవు.