హైదరాబాద్–విశాఖపట్నం విమాన దూరం, ప్రయాణ సమయం

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విశాఖపట్నంలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వేకి ఆకాశమార్గాన దూరం సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇది 600 కిలోమీటర్లు దాటుతుంది. విజయవాడ మీదుగా వెళ్లే రైలుకు దాదాపు 700. ఆకాశంలో గీసిన గీత మాత్రం భద్రాచలం దిగువన గోదావరిని దాటి, తూర్పు కనుమల మీదుగా సముద్రతీరానికి చేరుతుంది.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే 40 నిమిషాల లోపే చేరాలి. టికెట్‌పై గంటా పదిహేను నిమిషాలకు అటూఇటూగా ఉంటుంది. విమానం గేటు వదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా లెక్కించే సమయమిది. రన్‌వే దాకా విమానం నేల మీద వెళ్లడం, పైకి లేవడం, దిగడం అన్నీ ఇందులోనే. ఇంత తక్కువ దూరంలో పూర్తి వేగంతో ఎగిరేది కొద్దిసేపే. ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానానికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ప్రయాణికుడికి అసలు లెక్క ఇంటి గుమ్మం నుంచి మొదలవుతుంది. శంషాబాద్ చేరడం, తనిఖీలు, నిరీక్షణ కలిపితే నాలుగైదు గంటలు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ రైలుకైతే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది.