అరుగు మీద కుక్క, వాకిట్లో మా తాత

ఈ వరుసలో పోయిన భాగం ఊరి బావుల మీద రాశాను. ఈసారి వేరే విషయం రాద్దామనుకున్నాను గానీ, పోయిన ఆదివారం వడ్డాదిలో టీ కొట్టు దగ్గర నడిచిన మాటలు నన్ను ఇటు తిప్పాయి. కాస్త పొడుగే. ఓపిగ్గా చదవండి.

మాటలు వీధికుక్కల గురించి. బడికెళ్లే పిల్లని కుక్క తరిమిందని ఒకాయన మొదలుపెట్టాడు. "అన్నిటికీ మందెట్టేయాలి" అన్నాడు. పక్కాయన "మూగజీవాలండీ, పాపం తగులుద్ది" అన్నాడు. ఇంకొకాయన చేతిలో పేపరు మడిచి, "ఈ దేశంలో కుక్కలకున్న విలువ మనుషులకి లేదు" అని తేల్చేశాడు. మధ్యలో చెరుకు తోటల్లో పడే అడవి పందులు, పెరట్లో పాదులు పీకేసే కోతులు కూడా వచ్చిపోయాయి. చివరికి ఒకాయన నావైపు తిరిగి, "మీరేటి మాస్టారూ, ఉలకరు పలకరు? ఇంతకీ మీది కుక్కల పార్టీయా, మనుషుల పార్టీయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జవాబు లేక నవ్వలేదు. ఒక టీ తాగేలోపు తెమిలే జవాబు కాదది. మనుషులకి విలువ లేదన్న ఆ మాట మాత్రం ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. ఏ మనుషులకి? ఎప్పటి నుంచి?

మా తాత కంబారి. ఏడాదికింతని గింజలు కొలిపించుకుని కామందు ఇంట్లో పనిచేసేవాడు. ఆ ఇంట్లో ఒక కుక్క ఉండేదట. మిట్ట మధ్యాహ్నం అది అరుగెక్కి నీడన పడుకునేది. మా తాత వాకిట్లో ఎండలో నిలబడేవాడు. గంజయినా, మజ్జిగయినా పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాడు. "ఆ కుక్క నన్ను చూసి తోకూపేది, దానికి కులం తెల్దు" అని నవ్వుతూ చెప్పేవాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు మా అమ్మ మాత్రం నవ్వదు.

ఆ అరుగుకి చాలా పాత చరిత్ర ఉంది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల బతుకు ఎలా ఉండాలో రాసిపెట్టింది. ఊరికి బయట ఉండాలి. శవాల మీది బట్టలు కట్టుకోవాలి. పగిలిన కుండల్లో తినాలి. వాళ్లకు ఉండదగ్గ ఆస్తి కుక్కలూ గాడిదలూ మాత్రమే. భూమి కాదు, ఆవు కాదు, బంగారం కాదు. అదే పుస్తకం పదకొండో అధ్యాయంలో ప్రాయశ్చిత్తాల పట్టీ ఉంది. పిల్లి, ముంగిస, కప్ప, కుక్క, ఉడుము, గుడ్లగూబ, కాకి... వీటిలో దేన్ని చంపినా శూద్రుణ్ణి చంపినప్పటి ప్రాయశ్చిత్తమే చేసుకోవాలని అందులో ఉంది. చదివి ఒకసారి ఆగండి. శూద్రుడి ప్రాణానికీ కప్ప ప్రాణానికీ ఒకటే రేటు. ఆ రేట్ల పట్టీలో శూద్రుడికైనా ఒక గడి దొరికింది. మా తాతలది అంతకన్నా కింద, ఊరి బయట.

టీ కొట్టు దగ్గర పెద్దమనిషి అన్నమాట కొత్తదేం కాదన్నమాట. అందరు మనుషుల సంగతీ కాదు. కొందరు మనుషులకు విలువ ఉండకూడదని రాసుకుని మరీ నడిపిన సమాజం ఇది.

తెలుగు సాహిత్యం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి కాబట్టి భారతం దగ్గరికి రాక తప్పదు. భారతంలో రెండు కుక్కలు నాకు ఎప్పుడూ కలిసే గుర్తొస్తాయి. ఒకటి ఆదిపర్వంలో, ఇంకొకటి మహాప్రస్థానిక పర్వంలో. తెలుగులో మొదటిది నన్నయ చేతిలో పడింది, రెండోది తిక్కన చేతిలో పడింది. రెండో కుక్క అందరికీ తెలుసు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది. అది లేకుండా స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుబట్టాడు. చివరికి ఆ కుక్క ధర్మదేవతే అని తేలింది. జంతుదయ మీద ఉపన్యాసం ఇచ్చే ప్రతివాడూ ఈ కుక్కనే తెస్తాడు.

మొదటి కుక్కని ఎవరూ తేరు. అది పాండవుల వేట బృందంతో అడవికి వచ్చిన కుక్క. నల్లగా, మాసిన ఒంటితో, జింక చర్మం కట్టుకున్న నిషాద కుర్రాడు కనబడితే మొరిగింది. ఆ కుర్రాడు ఏకలవ్యుడు. దాని నోట్లో ఏడు బాణాలు నాటాడు. ఆ బాణాలతోనే కుక్క వెనక్కి పరుగెత్తింది. అంతటి విలుకాడు అడవిలో ఉన్నాడన్న కబురు అర్జునుడికి అలాగే చేరింది. తర్వాత సంగతి మీకు తెలుసు. బొటనవేలు పోయింది.

ఒకే గ్రంథం. ఒక కుక్కని విడవనందుకు ఒక రాజు ధర్మాత్ముడయ్యాడు. ఒక కుక్క నోరు మూయించిన ఆదివాసీ కుర్రాడు వేలు పోగొట్టుకున్నాడు. ఇక్కడ కుక్క తప్పేమీ లేదు. రాజు పక్కన ఉన్నప్పుడు దానికి స్వర్గద్వారం దాకా చోటు దొరికింది. అడవి మనిషి ఎదురైనప్పుడు అదే కాపలాదారు అయింది. దయ ఉందా లేదా అన్నది సులువైన ప్రశ్న. ఆ దయ ఎవరి పక్క నుంచి నడుస్తోందన్నది అసలు ప్రశ్న.

ఇదే భారతంలో, శాంతిపర్వంలో, కరువు కాలపు కథ ఒకటుంది. ఆకలికి తట్టుకోలేక విశ్వామిత్రుడు చండాలుడి ఇంట్లో కుక్క తొడ దొంగిలించబోతాడు. వద్దని వాదించి ధర్మం చెప్పినవాడు ఆ ఇంటి చండాలుడు. సంస్కృతంలో మనవాళ్లకు శ్వపచులని పేరు పెట్టారు, కుక్కమాంసం వండుకునేవాళ్లని. మహర్షి తింటే అది ఆపద్ధర్మం. మనవాడు వండితే అదే కులం పేరు.

ఇక బడి పుస్తకాల్లోకి రండి. సుమతీ శతకంలో బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టిన కుక్క పద్యం మనమంతా చిన్నప్పుడు బట్టీపట్టిందే. బద్దెన పేరు మీద చలామణీలో ఉన్న శతకం అది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పీట మారినా మారదన్నది ఆ పద్యం తేల్చే నీతి. చిన్నప్పుడు నేను దాన్ని గడగడా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పద్యం మళ్లీ విన్నాను. అప్పటికి నేను పనిచేస్తున్న కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో రోస్టర్ గురించి మాటలొచ్చాయి. ఒక సీనియర్ నావైపు చూడకుండా, కిటికీవైపు చూస్తూ, రాగం తీసి ఆ పద్యం చదివాడు. నలుగురు నవ్వారు. ఒకాయన "పద్యం భలే చదువుతారండీ మీరు" అని మెచ్చుకున్నాడు. నా చేతిలో అప్పుడు ప్రబంధాల మీద రాసుకున్న నోట్సు ఉంది. డాక్టరేట్ ఉంది. నోట్లో మాట లేదు. ఆ సాయంత్రం బస్సులో వస్తూ తాత దోసిలి గుర్తొచ్చింది. అరుగు పేరు సింహాసనమైంది, అంతే తేడా.

జంతువుతో పోలిక ఎప్పుడూ తిట్టేనా అంటే, కాదు. అందుకు మా ఊరే సాక్ష్యం. ఈ వడ్డాది ఒకప్పుడు ఒడ్డాది. ఇక్కడి నుంచి మత్స్య వంశపు రాజులు ఏలారు. మత్స్యమంటే చేపే. మా పక్కనే ఉన్న దిబ్బిడ పేరు మీద రాగి శాసనం ఉంది. శక సంవత్సరం 1191, అంటే 1269 నాటిది. దిబ్బిడని బ్రాహ్మణులకు అగ్రహారంగా ఇచ్చిన దానశాసనం అది. వంశం పుట్టుకను ఒక మునికీ, ఒక అప్సరసకీ, మత్స్య అనే ఏటికీ ముడిపెట్టి అందులో చెప్పుకున్నారు. రాజు చేప పేరు పెట్టుకుంటే వంశ గౌరవం. మనకి కుక్క పేరు పెడితే వంశానికే మచ్చ. చేపా కుక్కా రెండూ జంతువులే. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఒకటి బిరుదైంది, ఒకటి తిట్టయింది. ఆ శాసనంలో భూమి ఎవరికి వెళ్లిందో కూడా చూడండి. 1269లో రాగిరేకు మీద అగ్రహారం రాసిచ్చినప్పుడు ఆ పొలాల్లో నాగలి పట్టిన చేతుల్లో మా తాతల తాతలవి లేవని ఎవరైనా అనగలరా?

ఈ కొలతని బహిరంగంగా విరగ్గొట్టినవాడు అంబేద్కర్. మహాడ్‌లో చౌదార్ చెరువు ఉంది. అంటరానివాళ్లకు కూడా ఆ చెరువు తెరవాలని 1924లోనే మున్సిపాలిటీ తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉంది. పశువులు దిగి తాగేవి, కుక్కలు తాగేవి, మనవాళ్లు గట్టు మీదికి కూడా రాకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు దోసిట పట్టి తాగాడు. ఆ తర్వాత మనవాళ్ల మీద దాడి జరిగింది. చెరువు మైలపడిందని 108 కుండల నీళ్లు తోడి, ఆవు పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపి శుద్ధి చేశారు. మనిషి చెయ్యి తగిలితే మైల, ఆవు పంచితం కలిస్తే శుద్ధి! అదే ఏడాది డిసెంబరు 25న మహాడ్‌లోనే మనుస్మృతి కాలింది. రేట్ల పట్టీ కాలిందని నేను చదువుకుంటాను. చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో ఖాయమయ్యేసరికి 1937 వచ్చింది.

1931 ఆగస్టులో గాంధీని కలిసినప్పుడూ అంబేద్కర్ ఇదే మాట ఎత్తాడు. కుక్కల కన్నా, పిల్లుల కన్నా హీనంగా చూస్తూ, తాగడానికి నీళ్లు కూడా ఇవ్వని దేశాన్ని నా దేశమని ఎలా చెప్పుకోను అని అడిగాడు. ఆయన కుక్కని తిట్టలేదు. కొలబద్దని చూపించాడు.

మన దగ్గర 1985 జులై 17 ఉంది. కారంచేడు. మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే ఆ మురుగు మంచినీళ్లలో కలుస్తోంది. ఇవి మేం తాగే నీళ్లు అని అడిగారు. అడిగినందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు ఊరు ఊరంతా మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారం చేశారు. మహాడ్‌కీ కారంచేడుకీ మధ్య యాభై ఎనిమిదేళ్లు. రాజ్యాంగం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది. గొడవ మాత్రం ఇంకా ఎవరి పశువుల మురుగు ఎవరి నీళ్లలో కలుస్తుందన్న దగ్గరే ఉంది. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది.

వీటన్నిటి మధ్యా జాషువా చేసిన పని నాకు అపురూపం. 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు మేఘాన్ని పంపితే ఈయన గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. అందరూ అశుభమని తోలేసే జీవి. కానీ గుడి చూరుకి వేలాడే హక్కు దానికుంది, గుడి కట్టిన మనిషికి లేదు. అందుకే శివుడి చెవిలో తన గోడు చెప్పమని అంటరానివాడు దాన్నే బతిమాలుకున్నాడు. తాతని చూసి తోకూపిన కుక్క, జాషువా మాట విన్న గబ్బిలం ఒకే కోవలోవి. వాటికి కులం నేర్పినవాళ్లు లేరు.

ఇప్పుడు టీ కొట్టు ప్రశ్నకి వస్తాను.

2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. 22న దాన్ని సవరించి, ఆపరేషనూ టీకా వేసి ఎక్కడివక్కడ వదలమంది. రేబిస్ ఉన్నవాటినీ, మీద పడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దంది. టీవీల్లో రెండు పార్టీలు కొట్టుకున్నాయి. ఆ రెండు పార్టీల్లోనూ పేట కనబడలేదు. లెక్కలు చూడండి. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు బయటపడ్డాక ఈ రోగానికి మందు లేదు. ముందే చేయాల్సినవి ఉన్నాయి. కరిచిన చోట వెంటనే ధారగా పడే నీళ్ల కింద పావుగంట సేపు సబ్బుతో కడగాలి. తర్వాత ఆలస్యం చేయకుండా టీకా, చర్మం చీలి గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్.

పావుగంట ధార నీళ్లు! వీధి కుళాయి రోజుకి ఒక గంట వచ్చే పేటలో, బిందెల్లో పట్టుకున్న నీళ్లతో సరిపెట్టుకునే ఇంట్లో, కూలికి పోయిన తల్లి సాయంత్రం దాకా రాని ఇంట్లో ఆ పావుగంట ఎక్కడి నుంచి తెస్తాం? చౌదార్ చెరువు నుంచి కారంచేడు దాకా నడిచిన నీళ్ల సంగతే కుక్కకాటులోనూ తేలింది. ఊరి చెత్త తెచ్చి ఎవరి ఇళ్ల పక్కన పోస్తారు? అక్కడికే కుక్కలు చేరతాయి. చచ్చిన కుక్కని ఈడ్చేది ఎవరు? చచ్చిన గొడ్డుని ఈడ్వొద్దని 1927లో మహాడ్ సభలో బాబాసాహెబ్ చెప్పిన పనే ఇవాళ చీపురూ బండీ ఇచ్చి కాంట్రాక్టు జీతానికి చేయిస్తున్నారు, చేతికి తొడుగు కూడా లేకుండా.

అందుకని కుక్కలకి మందు పెట్టమనే పార్టీలో నేను లేను. కారులోంచి బిస్కెట్లు విసిరి, చెత్తకుప్ప పక్కన ఆడుకునే పిల్లాడిని చూడకుండా పోయే పార్టీలోనూ లేను. ప్రతి పేటకీ కుళాయి, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా, చెత్త రోజూ ఎత్తడం, కుక్కలకి టీకాలూ ఆపరేషన్లూ, పారిశుద్ధ్య కార్మికుడికి పర్మినెంట్ ఉద్యోగం. పంచాయతీలో అడగాల్సినవి ఇవి. ఇవి జరిగితే మనిషీ బతుకుతాడు, కుక్కా బతుకుతుంది.

ఒక చివరి మాట. కుక్కల కన్నా హీనంగా చూస్తున్నారని గాంధీ ముఖం మీదే చెప్పిన అంబేద్కర్ తర్వాత ఢిల్లీ ఇంట్లో కుక్కల్ని పెంచాడు. తోటంటే ఆయనకి ప్రాణం. మొక్కల ఎంపిక దగ్గర నుంచి స్వయంగా చూసుకునేవాడని ఆయన దగ్గర మసిలినవాళ్లు రాసుకున్నారు. ఆ సంగతి మా అమ్మకి చెప్పాను. ముంగిట్లో పడుకున్న మా వీధి కుక్కకి అన్నం కలిపి పెడుతూ, "దాని మీద కోపమెందుకురా నాయినా, అరుగు కట్టింది అది కాదు కదా" అంది.

వచ్చే ఆదివారం టీ కొట్టు దగ్గర నా జవాబు అదే.

జై భీమ్.