ఎదురుపడని నాయకులు, తీర్పరులైన శ్రోతలు: కంచరపాలెంలో ఎన్నికల వాదానికి ఒక చరిత్ర

ఎన్నికలకు ముందు ప్రధాన పార్టీల అధినేతలు ఒకే వేదిక మీద ఎదురెదురుగా నిలిచి, ఒకే ప్రశ్నకు వరుసగా జవాబు చెబుతుండగా, ఓటర్లందరూ ఒకే సమయంలో తెర మీద చూసి ఎవరిది పైచేయి అయిందో తేల్చుకునే ఆచారానికి నాయకుల టీవీ చర్చ అని పేరు. 1960 సెప్టెంబరు 26న చికాగోలో జాన్ కెన్నెడీ, రిచర్డ్ నిక్సన్‌ల మధ్య జరిగిన చర్చను సుమారు 7 కోట్ల మంది చూశారు; ఆ తరువాత 16 ఏళ్లు ఆగిపోయిన ఈ ఆచారం 1976లో మళ్లీ మొదలై అమెరికాలో స్థిరపడింది. రేడియోలో విన్నవారికి నిక్సన్, తెర మీద చూసినవారికి కెన్నెడీ గెలిచినట్లు తోచిందన్న మాట నేటికీ వినిపిస్తుంది కానీ, దానికి ఆధారమైన సర్వే అంత గట్టిది కాదని పరిశోధకులు ఆక్షేపించారు. తెలుగునాట ముఖ్యమంత్రి పదవికి పోటీపడే నాయకులు ఇలా ముఖాముఖి తలపడే ఆచారం ఏర్పడలేదు. అయినా ఎన్నికల వేళ ఎవరి మాట నిలిచింది, ఎవరి మాట తేలిపోయింది అన్న తీర్పులకు ఇక్కడ ఏనాడూ కొరత లేదు. ఎదురుపడని నాయకులను తమ మాటల్లో ఎదురెదురుగా నిలబెట్టే పనిని శ్రోతలే తలకెత్తుకున్నారన్నది ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్న విషయం. విశాఖపట్నంలోని కంచరపాలెం వంటి శ్రామికవాడ నుంచి చూసినప్పుడు ఆ చరిత్ర స్పష్టంగా కనిపిస్తుంది.

కంచరపాలెం పేరులోని "కంచర" అనే మాట కంచు, ఇత్తడి పనివారిని తలపిస్తుంది. ఈ వాడ నగరంలోని రైలు మార్గాన్ని ఆనుకుని పెరిగింది. 1890లలో మద్రాసు, కలకత్తాల వైపు సాగే మార్గాలు వాల్తేరులో కలవడం, 1933లో ఓడరేవు ప్రారంభం కావడం, 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడడం, 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టడం, ఈ నాలుగూ విశాఖను నెలజీతం మీద, షిఫ్టుల మీద బతికే ఊరుగా మార్చాయి. పారిశ్రామికవాడ, పాలిటెక్నిక్, ఐటీఐ, ఉపాధి కల్పనా కార్యాలయం దగ్గరదగ్గరగా ఉన్న కంచరపాలెంలో ఉద్యోగం ఉన్నవారూ, దానికోసం ఎదురుచూసేవారూ పక్కపక్కనే బతుకుతారు. ఇటువంటి చోట నాయకుడి ప్రసంగం విన్న మనిషి దానిని కర్మాగారం గేటు దాకా, టీ బడ్డీ దాకా, రైల్వే క్వార్టర్ల అరుగు దాకా మోసుకుపోయి అక్కడ తన తోటివారి ముందు నిలబెడతాడు. షిఫ్టు మారే వేళలను బట్టి శ్రోతలు కూడా మారుతారు కాబట్టి, ఒక సభ గురించిన తీర్పు ఒక్క రాత్రిలో తేలక రెండు మూడు రోజులు నలుగుతుంది.

ఈ అలవాటు టీవీతో పుట్టలేదు. మాటకు మాట అప్పజెప్పే ప్రదర్శనను విని, అక్కడికక్కడే మెచ్చడమో ఈసడించడమో తెలుగు ప్రేక్షకులకు పద్యనాటకం నేర్పిన విద్య. తిరుపతి వెంకట కవుల "పాండవోద్యోగ విజయములు" నాటకాల్లో రాయబారం ఘట్టం మొత్తం ఒక సభావాదమే. అక్కడ కృష్ణుడి పద్యానికి "వన్స్ మోర్" పడిందంటే రాగానికీ వాదానికీ కలిపి ఓటు పడినట్లు. బుర్రకథలో ఈ ఏర్పాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తంబురా పట్టిన కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు ఉంటారు. వారిలో ఒకరు హాస్యం పలికితే, రెండోవారు కథను వర్తమానంతో ముడిపెట్టి వ్యాఖ్యానిస్తారు, ఆ రెండో పాత్రకు వాడుకలో "రాజకీయం" అనే పేరు. అంటే చెప్పేవాడి పక్కనే ప్రశ్నించేవాడినీ, ఎగతాళి చేసేవాడినీ ఆ కళారూపం ముందే కూర్చోబెట్టింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ వంటి కళాకారులు దీనిని రాజకీయ ప్రచారానికి వాడుకున్నారు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి జరిగిన మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెస్, కమ్యూనిస్టు పక్షాలు సభలు, పాటలు, కరపత్రాలు, పత్రికా వ్యాసాలతో ఒకరికొకరు జవాబు చెప్పుకున్నాయి. 196 స్థానాల సభలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయన్న ఫలితం, సభకు వచ్చిన జనం లెక్కకూ పెట్టెలో పడిన ఓట్ల లెక్కకూ పొంతన ఉండదన్న పాఠాన్ని రాష్ట్రానికి మిగిల్చింది. కళను మెచ్చడం వేరు, వాదాన్ని ఒప్పుకోవడం వేరు అన్న ఈ విచక్షణ తరువాతి మాధ్యమాలన్నింటికీ వర్తించింది.

విశాఖ విషయంలో ఆ విచక్షణకు గీటురాయిగా నిలిచినది ఉక్కు కర్మాగారం. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదంతో సాగిన ఉద్యమంలో 1966 అక్టోబరు 15న ఉద్యమకారుడు అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న నగరంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం స్థానం నుంచి ఉద్యమ పక్షాన నిలిచిన తెన్నేటి విశ్వనాథం స్వతంత్ర అభ్యర్థిగా గెలుపొందారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసినా, దానిని జాతికి అంకితం చేయడానికి 1992 ఆగస్టు 1 వరకు ఆగవలసి వచ్చింది. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య గడిచిన 21 ఏళ్లలో వచ్చిన ప్రతి ఎన్నికలోనూ ఇక్కడి శ్రోతలకు ఒక సిద్ధప్రశ్న దొరికింది: చెప్పినది ఎప్పటికి జరుగుతుంది? నాయకుడు ఎంత ధాటిగా మాట్లాడాడన్నదానికంటే తేదీ చెప్పాడా లేదా అన్నది ఆ ప్రశ్నకు ముఖ్యం.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న ప్రారంభమైంది. అయితే ప్రభుత్వ మాధ్యమమైన రేడియోలో ప్రతిపక్షానికి ఎన్నికల సమయం దొరకడానికి 1977 లోక్‌సభ ఎన్నికల వరకు పట్టింది. గుర్తింపు పొందిన పార్టీలు, అంటే నిర్ణీత ప్రమాణంలో ఓట్లు, సీట్లు సంపాదించి ఎన్నికల సంఘం జాబితాలో చేరిన పార్టీలు, ఆకాశవాణిలో ప్రసంగించే ఏర్పాటు అప్పుడు మొదలైంది. ఒకరి తరువాత ఒకరు వేర్వేరు రోజుల్లో మాట్లాడే ఈ పద్ధతిలో వాదం ఉంది, ప్రతివాదం ఉంది, రెండూ కలిసే చోటు మాత్రం లేదు. ఆ చోటు శ్రోత జ్ఞాపకంలోనే ఏర్పడాలి. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికల్లోనే ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కాయి. దేశమంతటా ఒకే విధంగా వినిపించిన మాటలకు ఇంత భిన్నమైన స్పందన రావడం, ప్రసంగం ప్రభావాన్ని వినేచోటు నిర్ణయిస్తుందనడానికి మంచి నిదర్శనం.

1974 ఆగస్టు 10న విశాఖపట్నం నుంచే "ఈనాడు" దినపత్రిక వెలువడడంతో, ముందురోజు సభలో ఎవరేమన్నారో తెల్లవారేసరికి అచ్చులో చూసుకుని వాదించుకునే వీలు ఈ నగరానికి పెరిగింది. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు, చైతన్యరథం అని పేరుపెట్టిన వాహనం మీద రాష్ట్రమంతా తిరిగి, ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ అధిష్ఠానాన్ని తన ప్రసంగాలకు ప్రతివాదిగా చేసుకున్నారు. ప్రతివాది వేదిక మీద లేకపోయినా ఉన్నట్లే సంబోధించి నిలదీసే ఆ శైలి, సభను రాయబారం ఘట్టానికి చేరువ చేసింది. 1983 జనవరి 5న పోలింగ్ జరగగా, 294 స్థానాల శాసనసభలో 200కు పైగా ఆయన పార్టీకి వచ్చాయి. అప్పటికి టీవీ తెలుగు ఇళ్లలో ఇంకా అరుదైన వస్తువే. వెండితెర మీద చూసిన ముఖాన్ని వీధిలో చూడడమే ఆ ఎన్నిక ప్రత్యేకత.

దూరదర్శన్ ఊళ్లకు విస్తరించిన తరువాత, పార్టీల ప్రసారాలకు సంబంధించిన పథకాన్ని 1998 జనవరి 16న ఎన్నికల సంఘం ప్రకటించింది. దాని ప్రకారం ప్రతి గుర్తింపు పొందిన పార్టీకి ప్రాంతీయ కేంద్రాల్లో 45 నిమిషాల కనీస సమయం, గత ఎన్నికల్లో సాధించిన ఓట్లను బట్టి అదనపు సమయం లభిస్తాయి. ప్రసంగపాఠాన్ని ముందే సమర్పించాలి. ఏ వ్యక్తినైనా పేరు పెట్టి విమర్శించడం, మతాలను, కులాలను కించపరచడం, హింసను ప్రేరేపించడం నిషిద్ధం. పార్టీల ప్రతినిధులతో గరిష్ఠంగా రెండు చర్చా కార్యక్రమాలు జరపవచ్చునన్న నిబంధన కూడా అందులో ఉంది. తెలుగు ఓటరుకు చట్టం సమకూర్చిన టీవీ చర్చ ఇదే. అయితే పార్టీ పంపే ప్రతినిధి అధినేతే కానక్కరలేదు. పేరెత్తని విమర్శ, ముందే రాసిచ్చిన పాఠం సభల్లోని వేడికి అలవాటుపడిన చెవికి చప్పగా తోచడం సహజం. సమయపాలనలో ఎంతో న్యాయంగా ఉన్న ఈ ఏర్పాటు, వాడలో వాదానికి ముడిసరుకు మాత్రం పెద్దగా అందించలేకపోయింది.

ఆ లోటును మరో రెండు మార్పులు తీర్చాయి. 1990ల చివర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నిర్వహించిన "డయల్ యువర్ సీఎం" కార్యక్రమంలో సామాన్యుడి ప్రశ్న, అధినేత జవాబు ఒకే ప్రసారంలో వినిపించాయి. ఎన్నికల చర్చ కాకపోయినా, నాయకుణ్ణి తెర మీద ప్రశ్నించవచ్చునన్న భావన దానితో అలవడింది. 1995లో జెమిని, ఈటీవీ, 2004లో టీవీ9, ఆ తరువాత కొద్ది ఏళ్లలో మరెన్నో వార్తా చానెళ్లు రాగా, పొద్దున్నే పత్రికలను తిరగేసి చెప్పే విశ్లేషణ, రాత్రి నాలుగైదు గడుల్లో నాలుగైదు ముఖాలు అరుచుకునే చర్చ నిత్యకృత్యమయ్యాయి. ఏ చానెల్ ఎటు మొగ్గుతుందో ప్రేక్షకులకు తెలిసిపోయిన తరువాత, ఒకే సంఘటనను ఇటొకసారి అటొకసారి చూసి సరిపోల్చుకోవడం టీవీ చూసే పద్ధతిలో భాగమైంది. 1977లో రేడియో శ్రోత జ్ఞాపకం చేసిన పనిని ఇక్కడ రిమోట్ చేస్తుంది. దాని వెంటే ఒక నష్టమూ వచ్చింది: తనకు నచ్చిన చానెల్ దగ్గరే ఆగిపోయే ప్రేక్షకుడికి ప్రతివాదం వినపడదు, కాబట్టి అతడికి ఎదురుచెప్పే బాధ్యత బడ్డీ దగ్గరి తోటివాడి మీద పడుతుంది.

ఇదే కాలంలో సవాలు అనేది ఒక ప్రత్యేక ఎన్నికల ప్రక్రియగా ఎదిగింది. "బహిరంగ చర్చకు సిద్ధమా? చోటూ వేళా మీరే చెప్పండి" అని ఒక నాయకుడు అనడం, "చర్చకు మా కార్యకర్త చాలు" అని అవతలివారు బదులివ్వడం, రెండు వైపులా ఎవరూ ఒక చోటికి చేరకపోవడం ఈ ప్రక్రియలోని అంకాలు. చర్చ జరగకపోయినా సవాలుకు స్పందన ఉంటుంది. వెనుకాడినది ఎవరన్నదే ఆ రోజు వాదమవుతుంది. జాతీయస్థాయిలోనూ ఇదే కనిపించింది. 2024 మే 9న విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకుర్, ఎ.పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీ, రాహుల్ గాంధీలను బహిరంగ చర్చకు ఆహ్వానిస్తూ లేఖ రాశారు; రాహుల్ గాంధీ అంగీకరించినా చర్చ జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ఆ లేఖకు నాలుగు రోజుల తరువాత, మే 13న జరిగింది.

నాయకులు ఎదురుపడకపోవడంలోని అసలు నష్టం ఏమిటో మళ్లీ ఉక్కు విషయమే బయటపెట్టింది. 2021 జనవరి 27న కేంద్రం విశాఖ ఉక్కులో తన వాటాను పూర్తిగా అమ్మడానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆ మార్చి 10న జరిగిన మహా విశాఖ నగరపాలక ఎన్నికల్లో రాష్ట్రంలోని ప్రధాన ప్రాంతీయ పార్టీలన్నీ అమ్మకాన్ని వ్యతిరేకించినవే. 98 వార్డుల్లో 58 వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి. అందరి జవాబూ ఒకటే అయినచోట తేడా తెలియాలంటే "ఆపడానికి మీరు ఏం చేస్తారు?" అన్న రెండో ప్రశ్న పడాలి. వేదిక మీద ప్రత్యర్థి ఉంటే ఆ ప్రశ్న అతడి నుంచే వస్తుంది. ప్రత్యర్థి లేని సభలో అది శ్రోత గొంతులోనే ఉండిపోతుంది. 2025 జనవరి 17న కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల ఆర్థిక సహాయాన్ని కేంద్రం ప్రకటించింది. అది పరిష్కారమా, వాయిదానా అని మరునాటి నుంచి వాదించుకోవలసిన పని కూడా వాడలదే అయింది.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షను పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటల పాటు సభలను, తెర మీద ఎన్నికల ప్రచారాన్ని నిషేధిస్తుంది. మైకులు ఆగిపోయిన ఆ రెండు రోజులూ కంచరపాలెం రైతు బజారులో కూరలు బేరమాడేవారికి, మెట్టు బస్టాపులో నిలబడేవారికి, రాత్రి షిఫ్టు దిగి టీ తాగేవారికి ఆ నిషేధం వర్తించదు. నెలరోజులుగా వేర్వేరు సభల్లో, వేర్వేరు చానెళ్లలో, వేర్వేరు రోజుల్లో చెల్లాచెదురుగా విన్న మాటలు వారి సంభాషణలో మొదటిసారి పక్కపక్కన చేరుతాయి. ఇతర దేశాల్లో ఒక గదిలో, ఒక రాత్రి జరిగే చర్చ ఇక్కడ ఆ 48 గంటల్లో, వాదులిద్దరూ లేకుండా ముగుస్తుంది.