కారెంపూడి పాట ఎవరిది?

కోడిపందెంలో ఓడి మాచర్ల పక్షం వలస పోవడం, గురజాలలో నాయకురాలు నాగమ్మ పెత్తనం, పన్నెండో శతాబ్దిలో నాగులేటి ఒడ్డున కారెంపూడి రణరంగం: ఈ పల్నాటి కథ తెలుగువాళ్లకు పుస్తకాల వల్లా సినిమాల వల్లా తెలుసు. తరతరాలుగా దాన్ని నోట నిలిపినవాళ్లు మాత్రం మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు. పంబ మోతకూ తిత్తి శ్రుతికీ వాళ్లు పాడే కథలో మాల కన్నమదాసు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు కొడుకుగా పెంచుకున్నవాడు, సేనను నడిపినవాడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాపమీద కూర్చుని తిన్న చాపకూడు అందులోనిదే. ఊరికి దూరంగా వాడలో బతకవలసి వచ్చినవాడు వీరుల గుడి దగ్గర, నలుగురూ వింటుండగా ఈ మాట పాడగలగడం నా దృష్టిలో యుద్ధంకన్నా పెద్ద చరిత్ర.

చాపకూడు నిజంగా జరిగిందనడానికి ఆనాటి శాసనం ఏదని చరిత్రకారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పన్నెండో శతాబ్దిలో ఎవరు ఎవరితో కలిసి తిన్నారో పాటను బట్టి తేల్చలేం. అయితే పాట రుజువు చేసే సంగతి వేరే ఉంది. సహపంక్తి ఒకప్పుడు ఉండేదని, అందులో తమకూ చోటుండేదని ఒక కులం తరాల తరబడి పట్టు విడవకుండా చెబుతూ వచ్చింది. అలా చెప్పడం చరిత్రలో జరిగిన పనే. ఇంకో ఆక్షేపణ దీనికన్నా బరువైనది. కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు సాగే తిరునాళ్లలో దొరికే గౌరవం మిగతా ఏడాది దొరికిందా? లేదు. పాడే హక్కును పుట్టుకకు ముడిపెట్టిన ఆచారమే గాయకుణ్ణి అతని వాడలోనూ కట్టేసింది. పాటను కాపాడింది కూడా ఆ ముడేనని ఒప్పుకోక తప్పదు.

మరి అచ్చూ సినిమా వచ్చాక ఆ పాట ఏమైంది? యుద్ధానంతర బ్రిటన్‌లో శ్రామికుల సొంత సంస్కృతిని వ్యాపార వినోదం తినేస్తోందని 1957లో విమర్శకుడు రిచర్డ్ హోగార్ట్ బాధపడ్డాడు. పల్నాట జరిగింది అచ్చంగా అది కాదు. శ్రీనాథుడి పేరుమీద ఉన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాక కథ పండితుల చర్చలోకి వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, ఆయన మరణించాక ఎల్వీ ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ 1947లో విడుదలైంది. 1966లో అదే పేరుతో ఎన్టీఆర్, భానుమతి నటించిన చిత్రం వచ్చింది. అచ్చూ తెరా పాటను చంపలేదు, ఎందుకంటే కారెంపూడిలో అది కాలక్షేపం కాదు, వీరులకు తీర్చే మొక్కు. కానీ కథ ఊరూరా పాకినకొద్దీ పాడినవాడి పేరు వెనకబడింది. అంటరానితనంపై ‘మాలపిల్ల’ తీసిన రామబ్రహ్మం చేపట్టిన కథకే ఇలా జరగడం నన్ను మరీ బాధిస్తుంది. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోగెయిర్ ఇంగ్లీషులోకి తెచ్చి, గాయకుడి పేరుతో సహా 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించాడు. శ్రీనాథుడి కర్తృత్వంపై మనవాళ్లు చూపిన శ్రద్ధలో కొంతైనా గాలెయ్యవంటి గాయకుల పాఠాలమీద పెట్టి ఉంటే, ఒక్కొక్కరు కన్నమదాసు కథను ఎక్కడ పెంచి పాడారో, ఎక్కడ తగ్గించారో ఈరోజు పోల్చి చూసుకునేవాళ్లం.